కొంగ మెడ ఎక్కడికి పోయింది?

నేను వేసిన కొంగ బొమ్మను మాస్టారు చాలాసేపు చూశారు. బాగుంది అనలేదు, బాగాలేదు అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. కాగితానికి అంగుళం పైన గాల్లో వేలు ఆపి, "దీని మోకాలు ఏదమ్మా?" అని అడిగారు.

కాలు మధ్యలో ఉన్న కీలు చూపించాను. ఇంకెక్కడుంటుంది?

"అది మడమ. మోకాలు పైన, పొట్ట పక్కన ఈకల్లో ఉంటుంది. బయటికి కనపడదు. నువ్వు మడమ మీద మోకాలి చిప్ప వేశావు."

నిజంగానే వేశాను. మూడు వారాల పాటు రోజూ రాత్రి కూర్చుని, కంప్యూటర్లో ఫొటో పెద్దది చేసుకుని, ఒక్కో ఈకా చూస్తూ వేసిన బొమ్మ అది. కాలు మధ్యలో ఉబ్బు కనిపిస్తే మోకాలే అనుకుని, ముందువైపు కాస్త గుండ్రంగా నీడ కూడా ఇచ్చాను. ఆ కీలు వెనక్కి వంగుతుంది కదా, మోకాలైతే వెనక్కి ఎలా వంగుతుందన్న అనుమానం ఒక్కసారి కూడా రాలేదు. పక్షి నడిచేది వేళ్ళ మీద. మనం కాలు అనుకునే ఆ సన్నటి పుల్లలో కింది సగం అసలు దాని పాదమే, నిలువుగా లేచి నిలబడిన పాదం.

ఆయన ఇంకో ప్రశ్న కూడా వేశారు. "మెడ ఎక్కడికి పోయింది?"

బొమ్మలో కొంగ ముడుచుకుని కూర్చుంది. తల నేరుగా భుజాల మీద అతికించినట్టు ఉంది. "ఫొటోలో ఇలాగే ఉందండీ," అన్నాను.

"ఫొటోలో ఉంటుందిలే. నీకు తెలియాలి కదా."

ఆ రోజు కోపం వచ్చిన మాట దాచను. కానీ ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన అడిగిందాంట్లో తప్పు కనపడలేదు. మెడ ఉన్నట్టు నాకు తెలుసు, చేపను పట్టేటప్పుడు బారెడు సాగడం కూడా చూశాను. మరి ముడుచుకున్నప్పుడు అదంతా ఎక్కడ సర్దుకుంటుంది? ఫొటో క్షణంలో రెండువేలో వంతు మాత్రమే చూసి ఆగిపోతుంది. అంతకు ముందు సంగతీ ఆ తర్వాతి సంగతీ దానికి అక్కర్లేదు. దాన్ని చూసి వేసిన నాకూ అక్కర్లేకపోయింది.

అలా మొదలైంది చెరువు గట్టు మీద నా కాపురం.

పక్షిని ఎంచుకోవడానికి పెద్దగా ఆలోచించలేదు. బొమ్మలో తప్పు వేసింది గుడ్డి కొంగనే కాబట్టి దాని దగ్గరే నేర్చుకోవాలనుకున్నాను. తర్వాత తెలిసింది, కొత్తగా స్కెచ్చింగ్ మొదలుపెట్టేవాళ్ళకి దీన్ని మించిన గురువు లేదని. మనిషి బాగా దగ్గరికి వచ్చేదాకా కదలదు కాబట్టి దానికి కళ్ళు కనపడవనుకుని ఆ పేరు పెట్టారు. కళ్ళు భేషుగ్గా కనపడతాయి. ఒంటి మీది గోధుమ రంగు చారలు బురదలోనూ ఎండు గడ్డిలోనూ కలిసిపోతాయి కాబట్టి, కదలకపోతేనే క్షేమమని దాని లెక్క. ఆ లెక్క నాకు కలిసొచ్చింది. గోరింకను గీయబోతే తల గీసేలోపు అది ఇంకో చెట్టు మీద ఉంటుంది. గుడ్డి కొంగ పావుగంట సేపు నిలబడిన చోటే ఉంటుంది.

అయినా మొదటి రోజు ఏమీ రాలేదు. రెండున్నర గంటల్లో పదకొండు పేజీలు, పదకొండూ గీతల ముద్దలు. నేను ముక్కు గీస్తుంటే అది తల తిప్పుతుంది. తల తిప్పింది కదా అని చెరిపి మళ్ళీ గీస్తే అది ఒక అడుగు వేస్తుంది. రబ్బరు అరిగింది, కాగితం చిరిగింది. రెండో రోజూ అంతే. మూడో రోజు నన్ను నేను గమనించుకుంటే అసలు రోగం తెలిసింది. నా చూపు కొంగ మీద రెండు సెకన్లు ఉంటే కాగితం మీద అరనిమిషం ఉంటోంది. అంటే నేను వేస్తున్నది కళ్ళ ముందున్న కొంగను కాదు. తలలో ముందే ఉన్న ఒక 'కొంగ బొమ్మ'ను వేస్తున్నాను, ఎదుటి పక్షిని మాత్రం మధ్యమధ్యలో పలకరిస్తున్నాను.

ఆ రోజు రబ్బరు ఇంట్లో పెట్టేశాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే అనుకుంటాను.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మొదట్లో నేనూ సామాన్లు కొంటే బొమ్మలు వస్తాయని భ్రమపడ్డాను. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే 8×42 బైనాక్యులర్ ఉంది, బాగానే కనపడుతుంది, కానీ దాన్ని పట్టుకుంటే చేతిలో పెన్సిల్ ఉండదు. కాబట్టి ట్రైపాడ్ మీద స్పాటింగ్ స్కోప్, అంటే ఒంటి కన్నుతో చూసే చిన్న దూరదర్శిని. కన్ను పెట్టే గొట్టం పైకి వంగి ఉండే రకం అయితే మేలు. తల కొద్దిగా వంచితే కొంగ, ఇంకాస్త వంచితే ఒడిలో పుస్తకం. మెడ తిప్పాల్సిన పనిలేదు. స్కోప్‌ను 60 రెట్లకు తిప్పుకోవచ్చు కానీ అంత పెంచితే బొమ్మ చీకటి పడుతుంది, ఎండ పూట నీటి మీది వేడి గాలికి పక్షి మొత్తం వణుకుతూ కనపడుతుంది. నేను 25, 30 దాటలేదు. చెక్కనవసరం లేని క్లచ్ పెన్సిల్, అందులో 2బి ములుకు. పుస్తకం ఏ5 సైజుది. ఒక చిన్న రంగుల డబ్బా. జెల్ పెన్ను మాత్రం వద్దు. ఒకసారి ఉన్నట్టుండి చినుకులు పడితే రెండు రోజుల పని నీలంగా కరిగి కారిపోయింది. నీటికి చెదరని సిరా పెన్నులు వేరే ఉంటాయని ఆ తర్వాత తెలుసుకున్నాను.

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా తంటాలు పడే తెలుసుకున్నాను. పక్షులు చూసేవాళ్ళు ఎండ మన వీపు వెనక ఉండాలంటారు. గుర్తుపట్టడానికి అది మంచిదే. గీయడానికి మాత్రం కాదు. అలా ముందు నుంచి ఎండ పడిన పక్షి అట్టముక్కలా బల్లపరుపుగా కనిపిస్తుంది. ఎండ ఒక పక్క నుంచి పడితేనే పొట్ట గుండ్రమని, రెక్క దాని మీద బోర్లించిన దోనె లాంటిదని తెలుస్తుంది. అందుకే ఉదయం గట్టుకి ఒక చివర, సాయంత్రం రెండో చివర కూర్చునేదాన్ని.

నాకు దారి చూపించింది ఒక చిన్న కిటుకు. ఆరుబయట పక్షుల్ని చూస్తూ గీసే ఫీల్డ్ ఆర్టిస్టులు చాలామంది వాడేదే, నాకు కొత్త. ఒక పేజీలో ఒక్క బొమ్మ వేయకూడదు. ఐదారు మొదలుపెట్టి ఉంచాలి. కొంగ ఒక భంగిమలో ఉన్నప్పుడు నాలుగు గీతలు పడతాయి, అది కదులుతుంది. కదలనివ్వాలి. పక్కన ఖాళీలో కొత్త భంగిమ మొదలుపెట్టాలి. మళ్ళీ కదిలితే మూడోది. కాసేపటికి అది మొదటి భంగిమకే తిరిగి వస్తుంది, అప్పుడు మనమూ మొదటి బొమ్మకి తిరిగి వెళ్ళి ఇంకో నాలుగు గీతలు కలపాలి. పక్షికి ఉండే భంగిమలు అనంతం అనుకుంటాం. అరడజనో, డజనో, అంతే. వాటినే తిప్పి తిప్పి వాడుకుంటుంది. వారం తిరిగేసరికి నాకు వాటికి పేర్లు కూడా వచ్చేశాయి. 'మూట', 'తొంగిచూపు', 'బాణం', 'అలిగింది', 'గోకుడు'. పుస్తకంలో అవే రాసుకునేదాన్ని. 'మూట - 7.40 - కుడి పక్క ఎండ - కన్ను పసుపు - ముక్కు చివర నలుపు.'

మొదట గీయాల్సింది ఒంటి చుట్టూ గీత కాదని కూడా ఇక్కడే తెలిసింది. ముక్కు కొస నుంచి కంటి మీదుగా వెళ్ళే ఒక గీత. ఆ గీత ఏటవాలును బట్టి కొంగ నీళ్ళలోకి చూస్తోందా, ఆకాశంలో గద్ద కోసం చూస్తోందా, ఊరికే ఉందా అన్నది తెలిసిపోతుంది. తర్వాత ఒంటికి ఒక గుడ్డు ఆకారం, ఎంత వాలుగా ఉందో అంత వాలుగా. ఆ తర్వాత నేరుగా కిందికి దిగి వేళ్ళు నేలను తాకే చోట ఒక చుక్క. కాళ్ళు చివర్న. నా పాత బొమ్మలో కాళ్ళు తోక కిందికి జరిగి ఉన్నాయి. దాన్ని చూసినప్పుడల్లా ఏదో ఇబ్బందిగా ఉండేది కానీ ఏమిటో తెలిసేది కాదు. ఒంటి బరువు మధ్య నుంచి ఒక దారం కిందికి వేలాడదీస్తే అది వేళ్ళ మధ్య పడాలి, లేకపోతే పక్షి ముందుకు బోర్లా పడుతుంది. మూడు వారాలు నగిషీ చెక్కింది పడిపోతున్న కొంగను అన్నమాట.

కాగితం వైపు చూడకుండా గీయడం కూడా చేశాను. చూపు కొంగ మీదే ఉంటుంది, చెయ్యి దానంతట అది నడుస్తుంది. వచ్చే బొమ్మలు నవ్వు పుట్టిస్తాయి. కన్ను ఒకచోట, ముక్కు ఒకచోట. కానీ ఒక్కో గీతలో మటుకు నేను శ్రద్ధగా కూర్చుని వేసినదాంట్లో లేని నిజం ఉంటుంది. వీపు నుంచి తోకకు దిగే వంపు, అదొక్కటీ, కాగితం చూడకుండా వేసిన వాటి నుంచే చివరికి నేను తీసుకున్నాను.

మెడ సంగతికి వస్తాను.

తొమ్మిదో రోజో పదో రోజో. తూము దగ్గరి రాయి మీద నా కొంగ 'మూట'లో ఉంది. మెడ కింద నుంచి రొమ్ము మీదికి గోధుమ రంగు చారలు దిగుతాయి కదా, వాటిని వేస్తున్నాను. రొమ్ము పక్కన ఒకచోట చారలు తెగిపోయి, ఒక మడతలోకి పోయి, మళ్ళీ దాని కింద కొత్తగా మొదలవుతున్నాయి. నేను అప్పటిదాకా ఆ మడతను నీడ అనుకుని మెత్తగా రుద్దుతూ వచ్చాను. ఆ రోజు చారలు లెక్కపెడుతూ గీస్తున్నాను కాబట్టి ఎందుకు తెగాయని పట్టుకుంది.

అప్పుడు అది తల వంచింది. ఒళ్ళు కదల్లేదు, కాళ్ళు కదల్లేదు. తల మాత్రం ముందుకు, చాలా మెల్లగా, గడియారం ముల్లు జరిగినట్టు జరిగింది. అది జరుగుతున్న కొద్దీ ఆ మడత విప్పుకుంటోంది. లోపలికి పోయిన చారలు ఒక్కొక్కటిగా బయటికి వచ్చి పైవాటితో కలుస్తున్నాయి. మడతపెట్టిన చీర విప్పుతుంటే అంచు గీతలు ఒకదానితో ఒకటి కలిసినట్టు. మడత పూర్తిగా పోయేసరికి ఇందాకటి మూటకి తన ఒంటికి దీటైన మెడ ఉంది. మధ్యలో ఒకచోట మాత్రం అది గుండ్రంగా వంగలేదు, గొట్టం విరిగినట్టు కోణంగా తిరిగింది. కాసేపు అలా ఆగింది. తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. అంటే చూస్తూనే ఉన్నాను, కానీ కనపడలేదు. నీళ్ళు చిట్లాయి, ముక్కులో వేలంత చేప ఉంది.

స్కోప్ వదిలేసి, కళ్ళు మూసుకుని, చూసింది చూసినట్టు తలచుకుని ఐదు బొమ్మలు వరసగా వేశాను. చేతులు వణికాయి. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందంగా ఉండదు. కానీ ఆ కోణం సరిగ్గా పడింది.

ఇంటికి వెళ్ళి చదివితే దానికి కారణం దొరికింది. మనిషి మెడలో 7 పూసలు, జిరాఫీకీ 7 పూసలే. కొంగ మెడలో 20 దాకా ఉంటాయి. వాటిలో ఆరో పూస దగ్గర అమరిక వేరుగా ఉండి, మెడ ఇంగ్లీషు ఎస్ అక్షరంలా మడతపడడానికీ, ఆ మడత నుంచి ఒక్కసారిగా విడివడి ముక్కును విసరడానికీ వీలు కల్పిస్తుంది. ఎగిరేటప్పుడు కూడా గుడ్డి కొంగలు, తెల్ల కొంగలు మెడను అలాగే మడుచుకుని ఎగురుతాయి. ఎర్రకాళ్ళ కొంగ లాంటివి మాత్రం మెడ చాచి ఎగురుతాయి, పేరులో కొంగ ఉన్నా వాటి కుటుంబం వేరు. ఇదంతా పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉంది. ముందే చదివి ఉంటే తొమ్మిది రోజులు మిగిలేవి కదా అని ఒక స్నేహితురాలు అడిగింది. చదివినా నీడ అనుకునే రుద్దేదాన్ని. ఆ వాక్యం నాకు అర్థమవ్వాలంటే నా పెన్సిల్ కింద ఆ చారలు తెగాలి.

ఇలాంటివే ఇంకో రెండు దొరికాయి. ముందు బొమ్మలో రెక్క అంచున ఒక తెల్లటి గీత ఉంది. ఫొటోలో ఎండ మెరుపు అనుకుని తెల్ల రంగు పులిమాను. కొంగ లేచి ఎగిరినప్పుడు తెలిసింది. నిలబడి ఉన్నప్పుడు మట్టిరంగులో ఉన్న పక్షి రెక్క విప్పగానే మొత్తం తెల్లగా అయిపోతుంది. ఎగిరింది వేరే పక్షేమో అనిపిస్తుంది. రెక్కలూ తోకా తెలుపే, ముడుచుకున్నప్పుడు వీపు మీది పొడుగాటి గోధుమ ఈకలు వాటిని దుప్పటిలా కప్పేస్తాయి. ఆ దుప్పటి అంచు పక్కకి తొలిగినచోట కనిపించేదే నా 'మెరుపు'. రెండోది కన్ను. కొంగ నేరుగా మనవైపు తిరిగినప్పుడు ముక్కుకి అటూ ఇటూ, కాస్త కింది నుంచి, రెండు కళ్ళూ మనల్నే చూస్తుంటాయి. మొహం ఎంత తమాషాగా ఉంటుందంటే మొదటిసారి నేనే తప్పు వేశానేమో అనుకున్నాను. తన కాళ్ళ ముందు నీళ్ళలోకి చూడాల్సిన జీవికి కళ్ళు అలా ఉండక ఎలా ఉంటాయి?

చెరువు అవతలి ఒడ్డున ఒకరోజు చచ్చిపోయిన గుడ్డి కొంగ కనిపించింది. ముట్టుకోలేదు. ఏ జబ్బుతో చచ్చిందో తెలియదు, చచ్చిన అడవి పక్షిని చేత్తో తాకకపోవడమే మంచిది. ఒక రెక్క సగం విప్పుకుని, ఒక కాలు చాచుకుని పడి ఉంది. పక్కనే గట్టు మీద కూర్చుని గంటన్నర గీశాను. బ్రిటన్‌లో చార్లెస్ టన్నిక్లిఫ్ అనే చిత్రకారుడు తన దగ్గరికి వచ్చిన చనిపోయిన పక్షులను సరిగ్గా కొలిచి, అసలు సైజులో, ఈక ఈకనా ఏళ్ళ తరబడి వేసిపెట్టుకున్నారు. మాస్టారు ఆయన పేజీలు చూపించినప్పుడు అంత ఓపిక ఎందుకో అనుకున్నాను. ఆ గంటన్నరలో ఎందుకో తెలిసింది. కదిలే పక్షి దగ్గర ఎప్పుడూ దొరకని తీరిక అది. రెక్క ఈకలు ఒకదాని కింద ఒకటి ఏ వరసలో దూరతాయో, వాటి మొదళ్ళను చిన్న ఈకలు ఎన్ని వరసలుగా కప్పుతాయో కళ్ళారా చూసుకోవచ్చు. బైనాక్యులర్‌ను తిరగేసి దగ్గరగా పట్టుకుంటే భూతద్దంలా పనిచేస్తుంది. అలా చూస్తే మధ్య వేలి గోరుకి ఒక పక్క అంచున సన్నటి పళ్ళు కనిపించాయి, చిన్న దువ్వెన. గుడ్డి కొంగ కుటుంబంలోని జాతులన్నిటికీ ఉంటుందట. 'గోకుడు' బొమ్మల్లో అది మెడ దువ్వుకునేటప్పుడు ఏ వేలు ముందుకు వస్తుందో నాకు తెలియకుండానే సరిగ్గా వేసి ఉన్నాను, తిరిగి చూసుకుంటే నవ్వొచ్చింది. చీమలు కంటి దాకా వచ్చాక లేచి వచ్చేశాను.

అయితే చచ్చిన పక్షి అబద్ధాలు కూడా చెబుతుంది. కన్ను వెంటనే వన్నె తగ్గుతుంది, కాళ్ళ రంగు మారిపోతుంది, అన్నిటికన్నా ముఖ్యం బరువు పోతుంది. అమెరికా పక్షులను 1827 నుంచి 1838 దాకా 435 ప్లేట్లుగా, అంటే పేజీ నిండా ఉండే బొమ్మలుగా, అచ్చువేయించిన చిత్రకారుడు ఆడుబాన్, చంపిన పక్షులకు తీగలు గుచ్చి, కావలసిన భంగిమలో నిలబెట్టి వేసేవారు. అన్నీ అసలు సైజులోనే ఉండాలన్నది ఆయన పట్టుదల. అందుకని రాజహంస లాంటి పొడుగు పక్షులు కాగితంలో ఇమడడానికి మెడ కిందికి వంచుకుని ఉంటాయి. గొప్ప పనే, కాదనను. కానీ ఇప్పుడు వాటిని చూస్తే, కొన్నిటిలో మెడ పక్షి అవసరం కోసం కాక కాగితం అవసరం కోసం వంగిందని నాకు అనిపిస్తుంది. గట్టు మీద ఇన్నాళ్ళు కూర్చోకముందు ఆ తేడా నా కంటికి ఆనేది కాదు.

వానలు మొదలయ్యాక నా రంగుల నోట్సు మొత్తం పనికిరాకుండా పోయింది. జత కట్టే కాలం వచ్చేసరికి కొంగ చారలన్నీ వదిలేసింది. మెడ, తల పండుగడ్డి రంగు. వీపు మీద ముదురు మెరూన్ రంగు ఈకలు జల్లులా దిగాయి. తల వెనక పొడవాటి తెల్ల ఈకలు. ముక్కు మొదట్లో నీలం. ఒక ఉదయం స్కోప్‌లో కన్ను పెట్టి, కొత్త పక్షి వచ్చిందనుకున్నాను. అదే రాయి మీద, అదే 'మూట'.

ఆ మెరూన్ నన్ను బాగా ఏడిపించింది. డబ్బాలోని ఎరుపుతో వేస్తే పెళ్ళి పందిరి కట్టినట్టు వచ్చింది. చివరికి బర్న్ట్ సియెన్నాలో కాస్త అలిజరిన్ క్రిమ్సన్, చిటికెడు అల్ట్రామెరీన్ కలిపితే దగ్గరికి వచ్చింది. అదైనా ఉదయం ఎనిమిది గంటల రంగే. సాయంత్రం అదే వీపు ఇటుక రంగులో ఉంటుంది. అందుకని పేజీ అంచున రంగు ముక్కలు వేసి ప్రతి ముక్క పక్కనా టైము రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. తెలుపు సంగతి ఇంకో కథ. తెల్ల రెక్కకు తెల్ల రంగు వేయకూడదు, కాగితాన్ని వదిలేసి వెనక చెట్ల పచ్చ ముదురుగా వేస్తే రెక్క దానంతటదే ముందుకొస్తుంది. ఆ వదిలేసింది కూడా పూర్తి తెలుపు కాదు. కింది వైపు నీళ్ళ పచ్చదనం తగులుతుంది, ఎండ లేని పక్క నీలంగా ఉంటుంది. నీళ్ళు బాగా కలిపిన రంగుతో పలచగా ఒక్క వాష్, ఆరేదాకా చెయ్యి పెట్టకుండా ఉండగలిగితే చాలు. ఉండలేను, అదే నా సమస్య.

ఒక తప్పు మాత్రం బొమ్మలోది కాదు. గూళ్ళు కట్టిన చెట్టు దూరంగా ఉంది, స్కోప్‌లో కొమ్మలు అడ్డొస్తున్నాయి. ఇంకాస్త దగ్గరికి, ఇంకాస్త దగ్గరికి అంటూ వెళ్ళాను. ఒక్కసారిగా కొంగలన్నీ లేచిపోయాయి. నేను బిత్తరపోయి చూస్తుండగానే రెండు కాకులు వచ్చి ఒక గూటిలో వాలాయి. ఒకటి గుడ్డు నోట కరుచుకుని వెళ్ళింది. పరుగున వెనక్కి వచ్చేశాను. పది నిమిషాలకు కొంగలు తిరిగొచ్చాయి, ఆ గూటి కొంగ కూడా వచ్చి ఏమీ జరగనట్టు కూర్చుంది. ఆ రోజు పుస్తకంలో తేదీ తప్ప ఏమీ లేదు. ఆ సీజన్‌లో మళ్ళీ ఆ చెట్టు వైపు వెళ్ళలేదు. గూళ్ళ బొమ్మలు నా దగ్గర లేవు, లేకపోయినా ఫర్వాలేదు.

ఐదు నెలల తర్వాత లెక్క చూస్తే నాలుగు పుస్తకాలు నిండాయి. వాటిలోంచి ఒక్క స్టడీ షీట్, అంటే కొంగ గురించి నేర్చుకున్నదంతా ఒకే కాగితం మీద, తయారుచేద్దామని 300 జీఎస్ఎం మందపు కాగితం తీసి కూర్చున్నాను. ఇదే కష్టమైన భాగం అనుకున్నాను, చెప్పుకోవడానికేమీ లేనంత సులువుగా అయిపోయింది. మధ్యలో పెద్దగా మెడ చాచిన కొంగ, చుట్టూ 'మూట', ఎగిరేది, మెడ మడత మూడు దశల్లో, పాదం ఒకటి, దువ్వెన గోరు ఒకటి, ఎదురుగా చూసే మొహం. ఫొటో ఒక్కటి కూడా తెరవలేదు. రెండు రోజులు పట్టింది. ఎక్కడైనా చెయ్యి ఆగితే పాత పేజీలు తిరగేస్తే సమాధానం ఉండేది, లేకపోతే మర్నాడు పొద్దున చెరువుకి వెళ్ళి ఆ ఒక్కటీ చూసి వచ్చేదాన్ని.

షీటుతో పాటు నాలుగు పుస్తకాలూ మాస్టారికి తీసుకెళ్ళాను. షీటును ఒకసారి చూసి పక్కన పెట్టారు. ఒకింత నిరాశ కలిగింది, ఒప్పుకుంటాను. పుస్తకాలు మాత్రం మొదటి పేజీ నుంచి తిప్పుతూ కూర్చున్నారు. గీతల ముద్దలను కూడా వదల్లేదు. వాన చినుకుల పేజీ దగ్గర, "ఇదేంటి, చెరువులో పడేశావా?" అన్నారు. చేప పట్టిన రోజు పేజీ దగ్గర చాలాసేపు ఆగారు, ఏమీ అనలేదు. మూడో పుస్తకంలో ఎక్కడో ఒక 'తొంగిచూపు' బొమ్మ దగ్గర మళ్ళీ ఆ పాత వేలు గాల్లోకి లేచింది. నా గుండె గుభేలుమంది.

"దీనికి వేళ్ళేవమ్మా?"

"బురదలో ఉన్నాయండీ."

ఇంకాసేపు చూశారు. "ఎంత లోతు?"

"మడమ కింద సగం దాకా. ఆ పూట తూము తెరిచి నీళ్ళు వదిలేశారు, అంతా బురదే మిగిలింది. మర్నాటికి మళ్ళీ నీళ్ళొచ్చాయి."

"ఊఁ," అని పేజీ తిప్పారు.